దివాణంలో కామరూపి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆంగ్ల ప్రభువంశాల నేపథ్యంలో సాగుతూ, నాయకుడో నాయికో తోడేలుగానో డేగగానో పాముగానో రూపం మార్చుకోగలిగే ప్రేమనవలల గురించి కిందటి సంచికలో ఒక పాఠకురాలు అడిగితే నాలుగు వాక్యాల్లో జవాబు రాసి ఊరుకున్నాను. ఆ నాలుగు వాక్యాలు చాలలేదని చెన్నై నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా మనవరాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రైల్లో వస్తూ పోతూ ఫోన్‌లో ఇంగ్లీషు నవలలు చదువుతుంది. ఏమిటని అడిగితే, పగలు ప్రభువు, రాత్రి తోడేలు, అతణ్ణి ప్రేమించిన ఒక అమ్మాయి అని చెప్పింది. ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. ఇలాంటివి చదివితే మన సాహిత్యం మీద అభిరుచి పోదా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, పెరంబూరు)

జవాబు: మాస్టారూ, వరూధినీ ప్రవరుల ఘట్టాన్ని మీరు ఎన్ని తరగతులకు చెప్పి ఉంటారో మీకే లెక్క తెలియదు. హిమాలయం చూడాలన్న కోరికతో పాదలేపం పూసుకుని వెళ్లిన ప్రవరుడు, ఆ లేపం మంచులో కరిగిపోయి ఇంటికి వెళ్లే దారి అడిగితే, వరూధిని అతణ్ణే కోరుకుంది. అతడు కాదని, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాడు. తరగతి గదిలో మనం చాలాసార్లు అక్కడే పుస్తకం మూసేస్తాం. మీ మనవరాలు చదివే నవలలకు దగ్గరి చుట్టమైన కథ ఆ తరువాతే మొదలవుతుంది. వరూధిని అంతకుముందు తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుడి రూపం ధరించి ఆమె ఎదుటికి వచ్చాడు. కలిసి ఉన్న సమయంలో కళ్లు మూసుకోవాలని షరతు పెట్టాడు. ఆమె ఒప్పుకుంది. మోసగాడు తన మోసాన్ని కాపాడుకోవడానికి పెట్టిన షరతును ప్రేమలో ఉన్న మనిషి ఒక ముద్దుమాటగా స్వీకరించిన ఆ క్షణాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అంతటితో అయిపోలేదు. వాళ్లకు పుట్టిన స్వరోచి ఒకనాడు అడవిలో ఒక ఆడలేడి కోరిక మీద దాన్ని కౌగిలించుకుంటే, ఆ లేడి వనదేవతగా మారింది. వాళ్లిద్దరి బిడ్డే స్వారోచిష మనువు. అంటే అల్లసాని పెద్దన శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చిన మనుచరిత్రలో సాక్షాత్తూ ఒక మనువు పుట్టుకే వరుసగా రెండు తరాల రూపమార్పుల మీద నిలిచింది. దాన్ని నిండు రాజసభలో కూర్చున్నవాళ్లు విన్నారు, మెచ్చుకున్నారు. ప్రభువుల వంశాలూ రూపం మార్చే ప్రేమలూ కలిసి నడవడం మనకు పరాయి సంగతి కాదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అదే పదహారో శతాబ్దపు పింగళి సూరన ఇంకా దూరం వెళ్లాడు. ఆయన కళాపూర్ణోదయంలో మణికంధరుడనే గంధర్వుడు, రంభ ప్రియుడైన నలకూబరుడి రూపం ధరించి రంభను చేరతాడు. నలకూబరుణ్ణి కోరుకున్న కలభాషిణి అనే యువతి రంభ రూపం ధరిస్తుంది. చివరికి నిజమైన రంభా, మాయారంభా ఎదురుపడితే, ఇద్దరు రంభలూ నేనంటే నేనని వాదులాడుకుంటారు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోక ముందు, అక్కడి పాతపుస్తకాల కొట్లో అట్ట ఊడిన ఒక ప్రతి నాకు దొరికింది. ఆ వాదులాట ఉన్న పుటల అంచున, నాకంటే ముందు చదివిన వారెవరో పెన్సిలుతో ప్రతి మాటకూ ఎదురుగా ‘నిజ’, ‘మాయ’ అని గుర్తులు పెట్టుకుంటూ వచ్చి, మధ్యలో రెండు చోట్ల కొట్టేసి మళ్లీ రాసుకున్నారు. ఆ కొట్టివేతల కోసమే ఆ ప్రతిని నేను ఇంతకాలం దాచుకున్నాను.

మీ మనవరాలు చదివే నవలలన్నీ మంచివేనని నేను చెప్పను. ఎక్కువభాగం తొందరపాటుతో అల్లినవే. అయినా ఆ అమ్మాయి వెతుక్కుంటున్నది పెద్దన, సూరన వెతికినదే. ఎదుటి మనిషిలో నేను ప్రేమించింది రూపాన్నా, ఆ రూపంలో ఉన్నవారినా అన్నదే ఆ ప్రశ్న. ఒక ఆదివారం మాయాప్రవరుడి ఘట్టాన్ని ఆమెకు చదివి వినిపించండి. తరువాత ఆమె నవల నుంచి ఒక అధ్యాయాన్ని మీకు తెలుగులో చెప్పమనండి.

ప్రశ్న: ఇలా రూపం మార్చుకునేవాళ్లను ఇంగ్లీషులో షేప్‌షిఫ్టర్ అంటారు. తెలుగులో మాట ఉందా? (పాఠకుడు, అంబత్తూరు)

జవాబు: ఉంది: కామరూపి, స్త్రీ అయితే కామరూపిణి. వాల్మీకి వానరులకూ రాక్షసులకూ ఇదే విశేషణం వాడాడు. ఇక్కడ కామమంటే ఇచ్ఛ. ఇష్టమైన రూపం ధరించగలవాడని అర్థం. శాపంవల్ల గాని పూనకంవల్ల గాని తన ప్రమేయం లేకుండా మారిపోయేవాణ్ణి మాత్రం ఈ మాటతో పిలవకూడదు. కథలో ఆ రెండింటికీ ఉన్న తేడా చాలా పెద్దది, ఎందుకంటే ఇష్టపడి మారేవాడు జవాబుదారీ, బలవంతాన మారేవాడు బాధితుడు.

ప్రశ్న: 1815 నాటి లండన్‌లో, తోడేలుగా మారే ఒక ఎర్ల్ (ఆంగ్ల ప్రభు బిరుదుల్లో ఒకటి), అప్పులపాలైన కుటుంబంలోని అమ్మాయిని పెళ్లాడే కథను తెలుగులో రాస్తున్నాను. ఎలాగూ ఊహాకథే కాబట్టి చరిత్ర ఎలా ఉన్నా పర్వాలేదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? (వర్ధమాన రచయిత్రి, వేళచ్చేరి)

జవాబు: నిజం కాదమ్మా. మనిషి తోడేలవుతాడన్న ఒక్క అబద్ధాన్ని పాఠకుడు నమ్మాలంటే, దాని చుట్టూ ఉన్న తక్కినదంతా వేలెత్తి చూపలేనంత నిజంగా ఉండాలి. పైగా ఆ కాలపు చట్టాలూ ఆచారాలూ మీ కథకు అడ్డంకులు కావు. కథను నడిపించేవి అవే.

ముందు తోడేలు సంగతి చూడండి. ఇంగ్లండులో తోడేళ్లు 1500 ప్రాంతానికే అంతరించిపోయాయని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. మీ ఎర్ల్ తన ఎస్టేటు అడవిలో పరుగెడుతూ ఎవరి కంటైనా పడితే, అది ‘ఏదో తోడేలు’ అని సరిపెట్టుకునే వీలు లేదు. మూడు వందల ఏళ్లుగా లేని జంతువు కనిపించిందన్న వార్త జిల్లా అంతా పాకుతుంది, తుపాకులు బయటికి వస్తాయి. చాలామంది రచయితలు ఈ ఒక్క సంగతిని పట్టించుకోక, చేతికి అందిన గొప్ప ఉత్కంఠను వదిలేస్తున్నారు.

తరువాత వారసత్వం. బిరుదూ దానితో ముడిపడిన భూమీ ధర్మబద్ధంగా పుట్టిన పెద్దకొడుక్కే దక్కుతాయి. ఇంగ్లండులో చట్టబద్ధమైన దత్తత 1926 దాకా లేనే లేదు. తన రక్తంలో ఉన్నది బిడ్డకు సంక్రమిస్తుందేమోనన్న భయంతో పెళ్లే వద్దనుకునే ఎర్ల్‌కు, దత్తత తీసుకుని వంశం నిలబెట్టే దారి మూసుకుపోయి ఉందన్నమాట. అతడు పెళ్లి చేసుకోకపోతే ఆస్తి దాయాదికి పోతుంది. ఆ దాయాది ఊరికే ఉండడు. ప్రభువుకు మతి స్థిమితం లేదని విచారణ సంఘాన్ని వేయించడం ఆ రోజుల్లో నిజంగా జరిగినదే. 1823లో పోర్ట్స్‌మత్ ఎర్ల్‌ను అలాగే మతిలేనివాడని తేల్చారు. నెలలో కొన్ని రాత్రులు కనిపించకుండా పోయి, తెల్లవారేసరికి గోళ్ల సందున మట్టితో తిరిగొచ్చే మనిషి మీద అటువంటి దరఖాస్తు పెట్టడానికి దాయాదికి ఎంతసేపు పడుతుంది? అతడి మీద హత్యానేరమే పడితే విచారించేది మామూలు న్యాయస్థానం కాదు. ప్రభువుల సభలో తోటి ప్రభువులే కూర్చుని విచారిస్తారు. ఆ హక్కు 1948 దాకా చెల్లింది.

నేను అన్నింటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది బట్టల గురించి. పన్నెండో శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి రాసిన బిస్‌క్లావ్రే అనే గేయకథలో ఒక గొప్పింటి వీరుడు వారానికి మూడు రోజులు తోడేలై తిరుగుతాడు. ఎక్కడికి వెళుతున్నావని భార్య పదే పదే అడిగితే చివరికి నిజం చెబుతాడు. విప్పిన బట్టలను పాత ప్రార్థనామందిరం దగ్గర ఒక బోలురాతిలో దాస్తానని కూడా చెబుతాడు. ఆ బట్టలు దొరకకపోతే అతడు మళ్లీ మనిషి కాలేడు. ఆమె తనను కోరుకుంటున్న మరొకడి చేత ఆ బట్టలు తీయించేస్తుంది. మంత్రమూ లేదు, తాయెత్తూ లేదు; మనిషికీ మృగానికీ మధ్య ఉన్నది ఒక బట్టల మూట. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ ఊహ కంటే పదునైనది ఇప్పటి నవలల్లో నాకు కనిపించలేదు.

దీన్ని 1815కి తెచ్చుకోండి. ఆనాటి ప్రభువు తన బట్టలు తాను వేసుకోలేడు. ఒంటికి అతుక్కునేలా కుట్టిన కోటును భుజాల మీదికి ఎక్కించడానికి ఒక మనిషి కావాలి. బూట్లు లాగడానికి మనిషి కావాలి. మెడచుట్టూ కట్టే గంజిగుడ్డ, ఆ క్రావట్, ఒక మడత తప్పినా పారేసి మరొకటి అందించడానికి మనిషి పక్కనే నిలబడాలి. కాబట్టి ఎర్ల్ రహస్యం అందరికంటే ముందు తెలిసేది తల్లికీ కాదు, ప్రేయసికీ కాదు, ఆ నౌకరుకే. వేకువజామున పెరటి తలుపు దగ్గర చేతిలో దుప్పటితో, నీళ్లు కాచి, ఎన్నో ఏళ్లుగా ఒక్క మాట అడగకుండా నిలబడిన ఆ నౌకరును మీ నవలలో నేను చూడాలనుకుంటున్నాను. అతడి జీతం ఎంతో, అతడు ఎందుకు మాట్లాడలేదో మీరు రాస్తే మీ ఎర్ల్ దానంతట అదే నమ్మదగిన మనిషి అవుతాడు.

నృత్యసభల గురించి ఎక్కువ చెప్పను. అందరూ రాసేదే. కింగ్ స్ట్రీట్‌లోని ఆల్మాక్స్ సభలకు ప్రభువంశపు స్త్రీల సంఘం ఆమోదించి ఇచ్చే చీటీ ఉంటేనే ప్రవేశం, డబ్బుంటే చాలదు అన్న సంగతి తెలిస్తే మీ కథకు సరిపోతుంది. డ్యూక్‌నూ ఎర్ల్‌నూ ఒకే రకంగా సంబోధించకండి.

పెళ్లి దగ్గర మాత్రం ఆగండి. 1753 నాటి వివాహచట్టం ప్రకారం చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరమున్నవారు చెప్పవచ్చునని అడగాలి. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు లైసెన్సు తెచ్చుకుని ఆ బహిరంగ ప్రకటనను తప్పించుకునేవారు. మీ ఎర్ల్ ఏది కోరుకుంటాడో, మీ నాయిక ఏది పట్టుబడుతుందో ఆలోచించండి. ఎందుకంటే పెళ్లయ్యాక ఆమెకు తిరుగుదారి లేదు. విడాకులు కావాలంటే 1857 దాకా పార్లమెంటులో ప్రత్యేక చట్టమే చేయించుకోవాలి. అది కూడా దాదాపు ఎప్పుడూ మగవాళ్లకే దక్కింది. ఆమె చేతిలోని సొమ్ము, నగలు భర్తవైపోతాయి. ఆ పరిస్థితి 1870, 1882 చట్టాల తరువాత గాని మారలేదు. రూపం మార్చుకునేవాడు అతడే అయినా, చట్టం దృష్టిలో విడి మనిషిగా ఉనికిని కోల్పోయేది ఆమె. ఈ రెండు మార్పులను పక్కపక్కన పెట్టి చూడగలిగితే మీ నవల ఇంగ్లీషు నవలలకు నకలు కాకుండా నిలుస్తుంది.

ప్రశ్న: పౌర్ణమి రాత్రే మారాలా? వెండి గుండుతోనే చంపాలా? (పాఠకుడు, తాంబరం)

జవాబు: అక్కర్లేదు. పైన చెప్పిన బిస్‌క్లావ్రే కథలో పౌర్ణమి ప్రసక్తే లేదు, వెండీ లేదు. ఈ రెండింటినీ తప్పనిసరి నియమాలుగా జనం మనసులో స్థిరపరచింది ఇరవయ్యో శతాబ్దపు సినిమాలే. నియమం ఏదైనా పెట్టుకోండి, కానీ ఒక్కటే పెట్టుకుని దానికి చివరిదాకా కట్టుబడండి.

ప్రశ్న: మా పూర్వీకులు ఒక జమీందారీ దివాణంలో గుమాస్తాలుగా పనిచేసి, తరువాత మద్రాసు వచ్చి స్థిరపడ్డారు. లండన్ ప్రభువులకు బదులు మన జమీందార్లతో ఇటువంటి కథ రాయవచ్చా? తోడేలు మన కథకు నప్పుతుందా? (పాఠకుడు, షావుకారుపేట)

జవాబు: రాయవచ్చు, రాయాలి కూడా. మీ ఇంట్లో పాత కాగితాలేమైనా మిగిలి ఉంటే వాటిని ముందు జాగ్రత్త చేయండి. పేష్కష్, సనదు, ఠాణా, మేనా, రాణీవాసం, ఘోషా వంటి మాటలు వాటిలో ఎలా వాడారో చూసి నేర్చుకున్న రచయిత భాష వేరుగా ఉంటుంది.

మన దగ్గర తోడేళ్లు లేకపోలేదు, కానీ తూర్పు కనుమల వైపు జమీందారీలకు పులే సహజం. ఎగ్మూరు మ్యూజియం అధ్యక్షుడిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథంలో కోంధుల నమ్మకమొకటి నమోదు చేశాడు: మనిషి ఆత్మలో సగం దేహాన్ని విడిచి పులిగానో పాముగానో మారగలదని వాళ్లు నమ్మేవారట. ఆత్మలో సగమే వెళ్లడం అన్న ఊహను గమనించండి. మనిషి ఇంట్లో నిద్రపోతూనే ఉంటాడు, అతడి సగం కొండల్లో వేటాడుతుంటుంది. అక్కడ పులికి గుండు తగిలితే ఇక్కడ పడుకున్నవాడికి ఏమవుతుందన్న ఒక్క ప్రశ్న మీద నవల మొత్తం నిలబెట్టవచ్చు. కలెక్టరు దొర వేటకు వస్తున్నాడు, జమీందారు స్వయంగా మచాన్లు కట్టించి మర్యాదలు చేయాలి, అంతఃపురంలో రాణి భర్త తల దగ్గర కూర్చుని తెల్లవార్లూ మేలుకుని ఉంది. ఆ రాత్రిని రాయండి. అయితే కోంధుల నమ్మకాన్ని తీసుకునేటప్పుడు వాళ్లను కథలో భయపెట్టే మంత్రగాళ్లుగా దించేయవద్దని నా మనవి. అది వాళ్ల జీవితంలోని సంగతి; జమీందారు దాన్ని వాళ్ల దగ్గర నేర్చుకుంటే గురువుకిచ్చే గౌరవం వాళ్లకు ఇవ్వాలి.

చట్టం విషయానికి వస్తే మన దివాణాలు లండన్ భవనాలకంటే కథకు ఎక్కువ అనుకూలం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 శాశ్వత పైసలా (శిస్తు ఏర్పాటు) నుంచి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా జమీందారీల బతుకంతా కాగితాల మీద, కోర్టుల మీద నడిచింది. చాలా జమీలు పంచుకోవడానికి వీల్లేనివి, పెద్దకొడుక్కే చెందేవి. వారసుడు మైనరైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్లేది. అటువంటి పిల్లలను కొంతకాలం మన తేనాంపేటలోని న్యూయింగ్టన్ భవనంలో ఉంచి, దొరల పర్యవేక్షణలో చదివించారు. దొరల పద్ధతిలో అన్నం తినడం, గుర్రమెక్కడం, ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకుంటున్న పదిహేనేళ్ల కుర్రాడికి తొలిసారి ఆ సగం ఆత్మ కదిలింది అనుకోండి. ఎవరికి చెప్పుకుంటాడు?

ఆనాటి ఇంగ్లండులో లేనిది, మనకు ఉన్నది దత్తత. భర్త అనుమతి లేకపోయినా సపిండుల (భర్త దగ్గరి బంధువుల) సమ్మతితో వితంతువు దత్తత తీసుకోవచ్చునని రామనాథపురం కేసులో, అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1868లో తేల్చింది. 1872 నాటి సాక్ష్యచట్టం ప్రకారం ఏడేళ్లు కబురు తెలియని మనిషి బతికే ఉన్నాడని చూపించవలసిన భారం, అలా అనేవారి మీద పడేది. ఈ రెండింటినీ కలపండి. పులిరూపంలో అడవికి పోయిన జమీందారు తిరిగి రాలేదు. ఏడేళ్లు గడిచాయి. దాయాదులు ఒత్తిడి చేస్తే రాణి ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకుంది, పెంచింది, ప్రాణంగా చూసుకుంది. ఎనిమిదో ఏట ఒక మనిషి గడ్డంతో, మచ్చలతో, మాట తడబడుతూ కోట గుమ్మంలో నిలబడ్డాడు. అతణ్ణి భర్తగా గుర్తిస్తే దత్తపుత్రుడి గతి ఏమిటి? గుర్తించకపోతే తన గతి ఏమిటి?

ఇది అసంభవమని ఎవరైనా అంటే బెంగాల్లోని భవాల్ కేసు చూపించండి. అక్కడి రెండో కుమారుడు 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడనుకున్నారు. పదేళ్లకు పైగా గడిచాక ఢాకాలో కనిపించిన ఒక సన్యాసిని అతడేనని అక్కచెల్లెళ్లు గుర్తించారు. కింది కోర్టు 1936లో అతడి పక్షాన తీర్పు చెప్పింది, 1946లో ప్రివీ కౌన్సిల్ దాన్ని ఖాయం చేసింది. భార్య మాత్రం అతడు తన భర్త కాడనే చివరిదాకా అన్నది. కోర్టులు గుర్తించిన మనిషిని భార్య గుర్తించకపోవడం కంటే లోతైన ప్రేమకథాంశం నాకు తోచదు. కామరూపి కథలో ఇదే తిరగబడవచ్చు: ఏ కోర్టూ నమ్మని మనిషిని, ఒక్క రాణి మాత్రమే గుర్తుపడుతుంది. దేన్ని చూసి గుర్తుపట్టిందో మీరే కనిపెట్టాలి. పుట్టుమచ్చ మాత్రం వద్దు.

ఆధారాల కోసం మొదట కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లండి. కాగితం, పెన్సిలు తీసుకెళ్లండి.

ప్రశ్న: నా పేరు, ఊరు వేయవద్దు. ఈ తరహా నవల ఒకటి చదివాను. పెళ్లయిన మూడో నెలలో నాయకుడు తన నిజరూపం బయటపెడతాడు, నాయిక ఒక్క పేజీలో క్షమించేస్తుంది. నా పెళ్లప్పుడు అత్తవారు మా ఆయన జబ్బు సంగతి దాచారు. ఆయన మంచివారే, ఆ జబ్బూ ఇప్పుడు అదుపులో ఉంది. అయినా ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. నాది మరీ సున్నితమా?

జవాబు: కాదమ్మా. మీరు ఆ రచయిత కంటే మంచి పాఠకురాలు. మిమ్మల్ని బాధపెట్టింది ఆ జబ్బు కాదు, మీకు తెలియకుండా మీ జీవితాన్ని ఇతరులు నిర్ణయించడం. నవలలో నాయికకు జరిగిందీ అదే. తోడేలుగా మారడం అతడి తప్పు కాదు. మూడు ముళ్లు పడేదాకా నోరు విప్పకపోవడం మాత్రం పూర్తిగా అతడి తప్పు. దాన్ని ఒక్క పేజీలో కడిగేసిన రచయిత తన నాయికను మనిషిగా చూడలేదు.

ఫ్రాన్సులో లూసిన్యాన్ ప్రభువంశం వారు తమ మూలపుటమ్మగా చెప్పుకున్న మెల్యూసిన్ కథను మీకోసం ఇక్కడ చెబుతాను. జాన్ దారాస్ దాన్ని పద్నాలుగో శతాబ్దం చివర గ్రంథస్థం చేశాడు. ఆమె పెళ్లికి ముందే రేమోందిన్‌తో, శనివారాలు నన్ను చూడవద్దని మాట తీసుకుంది. కారణం మాత్రం చెప్పలేదు. అతడు ఒప్పుకున్నాడు. ఏళ్లు గడిచాయి, కోటలు లేచాయి, కొడుకులు పుట్టారు. ఒక శనివారం అతడు ఎవరిదో చెప్పుడుమాట విని, కత్తిమొనతో తలుపుకు రంధ్రం చేసి లోపలికి చూశాడు. నడుము దాకా స్త్రీ, కింద పాము, స్నానపు తొట్టిలో కూర్చుని తల దువ్వుకుంటోంది. అతడు చూశాడని ఆమెకు తెలుసు. అయినా బయటికి అనలేదు కాబట్టి ఆమె కూడా ఏమీ అనలేదు. తరువాత ఒక దుఃఖసమయంలో, కోపం పట్టలేక, అతడు అందరి ముందూ ఆమెను పామని తిట్టాడు. అప్పుడు ఆమె కిటికీ లోంచి రెక్కల సర్పమై ఎగిరిపోయింది. ఆ తరువాత కూడా రాత్రివేళ వచ్చి పసిబిడ్డలకు పాలిచ్చి వెళ్లేదని, దాదులు చూసి కూడా పలకరించే ధైర్యం చేయలేకపోయారని కథ చెబుతుంది.

ఈ కథలో ఇద్దరికీ తప్పుంది, ఇద్దరికీ ప్రేమా ఉంది. ఆమె సగం నిజమే చెప్పింది, అతడు ఇచ్చిన మాట తప్పాడు. అయినా రచయిత ఎవరినీ ఒక్క పేజీలో క్షమించేయలేదు. బిడ్డలకు పాలు పట్టి వెళ్లే ఆ తల్లి బాధను అలాగే ఉంచాడు. మీకూ మీ వారికీ మధ్య ఆ మాట ఇంతవరకూ రాకపోయి ఉంటే, ఈ కథను ఆయనకు చెప్పి చూడండి. మీరు మూసేసిన ఆ నవలను మాత్రం మళ్లీ తెరవనక్కర్లేదు.

వేళచ్చేరి రచయిత్రి గారూ, ఈ ఉత్తరం మీరు కూడా చదవాలని చివరికి ఉంచాను. మీ ఎర్ల్ లైసెన్సు తెచ్చుకుని రహస్యంగా పెళ్లి కానిచ్చేయాలనే చూస్తాడు. మీ నాయిక మూడు ఆదివారాల ప్రకటనే కావాలని పట్టుబట్టాలి. రెండో ఆదివారానికీ మూడో ఆదివారానికీ మధ్య, ఆమె వద్దనగలిగే సమయం ఇంకా ఉండగానే, అతడి చేత నిజం చెప్పించండి. ఆ అధ్యాయం పూర్తయ్యాక మొదటి ప్రతిని మాకు పంపితే, పేరు వేయవద్దన్న ఈ పాఠకురాలికి మేము చేరవేస్తాం.